కుడికన్ను 2045కు వాయిదా

ధర్మవరం,
సోమవారం.

బెంగళూరులో ఉండే బావమరిది కేశవకు,

ధర్మవరం నుంచి నీ బావ జయరాముడు రాయడమేమంటే, ఇక్కడ నేను, మీ అక్క సునంద, మా మగ్గం, ముగ్గురమూ బాగున్నాము. అక్కడ నువ్వూ నీ కంప్యూటరూ బాగుంటారని అనుకుంటాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోవద్దు. నీ కొత్తింటి గృహప్రవేశానికి మనిషి వచ్చి బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, ఫోనులో బొమ్మ పంపించి పిలిచినావు. ఆ పొద్దే నీతో మాట్లాడనని మీ అక్క ముందర ఒట్టు పెట్టుకున్నాను. మాట్లాడనని పెట్టుకున్నాను గానీ రాయనని పెట్టుకోలేదు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమని నవ్వొద్దు. నీకు బాగా కనపడాలనే అట్లా రాస్తున్నాను.

నువ్వు పంపిన ట్యాబ్ చేరింది. నా కుడికంట్లో శుక్లం ముదిరిపోతాందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కూడా కష్టమవుతుందని అనంతపురం కంటి డాక్టరమ్మ చెప్పిన సంగతి మీ అక్క నీకు చెప్పిందంట. నా చూపంతా కుడికంటిదే, ఎడమది చిన్నప్పట్నుంచీ అంతంతమాత్రమే. నేను కత్తంటే ఆమడ దూరం పోతానని కూడా చెప్పిందంట. ఆ భయం పోగొట్టడానికని, మీ కంపెనీ బడి పిల్లల కోసం చేసిన 'రేపటి ఆసుపత్రి' ఆటను దాంట్లో వేసి పంపినావు. నాకు భయం ఎప్పుడూ లేదు. అయినా ఆడినాను.

ఒక మాట ముందే చెప్తాను. ఆటలో అన్నీ వివరించే గొంతు నీదే. పొద్దస్తమానం నువ్వు మాట్లాడుతుంటే నేను వినాల్సి వచ్చింది. నేను తిరిగి పలకలేదు గనక ఒట్టు చెడలేదు.

ఆట మాత్రం బాగుంది. ట్యాబ్‌ను ముక్కుకు ఆనించుకుని ఆడితే అన్నీ తెలుస్తాయి. మొదటి దశలో కెమెరా ఉన్న మాత్రను మింగించి కడుపంతా తిప్పినాను. రెండో దశలో ఇప్పటి కంటి ఆపరేషన్ ఎట్లా చేస్తారో నేర్పించినావు. కంట్లో కత్తి కనపడగానే నేను కండ్లు మూసుకుని, నీ మాట విని వేలు ఆడించినాను. అయినా గెలిచినాను. మూడో దశ 2045లో జరుగుతుంది. అప్పుడు కత్తి లేదు, సూది లేదు. కంట్లో రెండు చుక్కలు వేస్తే శుక్లం కరిగిపోతుంది. పేషెంటు కన్ను తుడుచుకుని సంగటి తినడానికి ఇంటికి పోతాడు. ఆ దశా దాటినాను.

కాబట్టి నా నిర్ణయం రాస్తున్నాను. నా కుడికన్నును 2045కు వాయిదా వేసినాను. అప్పటికి నాకు డెబ్బై ఏడు వస్తాయి, అదేమంత పెద్ద వయసు కాదు. మంచి సరుకు రాబోతాందని తెలిసి పాత సరుకు ఎవరైనా తీసుకుంటారా? నీ ఆట లేకపోతే నేను మోసపోయి కోయించుకునేవాణ్ణి. ఇందుకు మాత్రం నీకు దండం పెడుతున్నాను.

ఒట్టు మీద ఉన్న నీ బావ,
జయరాముడు

తా.క. ఈ ఉత్తరం సంగతి విని మీ అక్క ట్యాబ్‌ను నీళ్ళ తొట్టిలో వేస్తానంది. మా వీధికి నీళ్ళు వారానికొక్కసారి వస్తాయి, తొట్టి నీళ్ళు పాడు చేయొద్దని చెప్పి ఆపినాను.

*

బెంగళూరు,
శుక్రవారం.

జయరామ బావకు కేశవ నమస్కారాలతో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్క కాల్చి పెట్టే ఓళిగల మీద ఒట్టేసి చెబుతున్నాను, నేను ఆ ఆట పంపింది నువ్వు ఆపరేషన్ మానుకోవడానికి కాదు.

బావా, మూడో దశలో ఉన్నది ఊహ. శుక్లాన్ని కరిగించే మందు కోసం శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్న మాట నిజమే. కానీ అది ఇంకా ప్రయోగశాలల్లోనే, ఎలుకల కళ్ళ దగ్గరే ఉంది. మనుషుల దాకా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. 2045 అనే సంవత్సరాన్ని ఎవరో పెద్ద డాక్టర్లు లెక్కకట్టి చెప్పలేదు. మా మీటింగ్‌లో ఒకాయన అన్నాడు, పలకడానికి బాగుందని మిగతావాళ్ళం తలలూపాం.

నీకు కావలసింది రెండో దశలోనే ఉంది. కంటికి మందు వేసి, చిన్న రంధ్రం చేసి, మసకబారిన లెన్సు తీసేసి కొత్తది పెడతారు. నొప్పి ఉండదు. సాయంత్రానికి ఇల్లు చేరతావు. ఆ దశలో కళ్ళు మూసుకోకుండా ఇంకొక్కసారి ఆడు. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది కదా, శుక్లం బాగా ముదిరితే తీయడం కష్టమవుతుంది. నువ్వు చూపు పోగొట్టుకుంటే నాకు మీ ఇంటికి వచ్చే ముఖం ఉండదు.

గృహప్రవేశం విషయంలో తప్పు నాదే. ఇటుకలు, సిమెంటు, తాపీమేస్త్రీ గొడవలో బొట్టు సంగతి మరిచిపోయాను.

నీ బావమరిది,
కేశవ

తా.క. ఆ ఆటను ఎనిమిదో తరగతి పిల్లల కోసం చేశాం. ఇప్పటిదాకా మూడో దశను ఒక్క పిల్లాడూ దాటలేదు. నువ్వెలా దాటావో మా ఆఫీసులో అందరూ అడుగుతున్నారు.

*

ధర్మవరం,
బుధవారం.

కేశవకు బావ జయరాముడు ఆశీర్వదించి రాయడమేమంటే,

మేము క్షేమము. మబ్బు పట్టి, వాన ఆశ పెట్టి, కదిరి పక్కకు పోయింది. అది దాని అలవాటు.

ముందు మీ ఆఫీసోళ్ళకు జవాబు చెప్పు. ఎనిమిదో తరగతి పిల్లోళ్ళకు ఓపిక ఉండదు. నేను గుంతమగ్గంలో కూర్చుని ఒక్క చీరకు పదిరోజులు కాళ్ళూ చేతులూ ఆడించేవాణ్ణి. నాకు నీ మూడో దశ ఒక లెక్క కాదు.

ఇక మందు ఎలుకల దగ్గరుందని రాసినావు. ఎలుకల దాకా వచ్చినది మనిషి దాకా రాదా? మా ఇంట్లో ఎలుకల దగ్గర్నుంచి నా దగ్గరికి అన్నీ వస్తాయి, నా దగ్గర్నుంచి వాటి దగ్గరికీ పోతాయి. ఇంకొక మాట. నువ్వు ఊహ అంటున్నావు గానీ ఆట గెలిచినాక తెర మీద ఏం వచ్చిందో నీకు గుర్తున్నట్టు లేదు. 'అభినందనలు జయరాముడు గారూ, 2045 ఆసుపత్రిలో మీ పేరు నమోదైంది' అని వచ్చింది, నీ గొంతే గట్టిగా చదివింది. మా ధర్మవరంలో మగ్గాలకు పట్టు పడుగులిచ్చే షావుకారి నోట్లోంచి 'ఈ వార్పు జయరాముడి పేరున' అని వచ్చిందంటే ఆ పట్టు ఇంకొక మగ్గం ఎక్కదు. కాగితం లేదు, సంతకం లేదు, మాటంటే మాటే. నువ్వు నా పేరు పలికినాక ఇప్పుడు ఊహ అంటే ఎట్లా ఒప్పుకునేది?

నా ఒక్కడికే ఈ మేలు జరగడం న్యాయం కాదని మా వీధిలో అందరి చేతా ఆడించినాను. పక్కింటి కుళ్ళాయప్ప మోకాలికి ఆపరేషన్ చేయించుకోవాలని తిరుగుతున్నాడు. నేను గెలిచి తెరిచిన ఐదో దశలో మోకాలి గుజ్జును మిషన్‌లో అచ్చు వేస్తారని తెలిసి వాడూ 2045కు వాయిదా వేసుకున్నాడు. టీ అంగడి శ్రీరంగప్ప పుచ్చిన పన్ను పీకించుకోవడానికి బయల్దేరి, ఆరో దశ చూసి వెనక్కి తిరిగినాడు. అప్పుడు పళ్ళు మళ్ళీ మొలిపిస్తారంట కదా. దవడ వాచి ఉంది. అయినా మగాడు, ఓర్చుకుంటున్నాడు.

మొన్న బడిలో కంటి శిబిరం పెట్టినారు. మా వీధి నుంచి ఒక్కరూ పోలేదు. ఎందుకు రాలేదని శిబిరం నర్సమ్మ మా గడప దగ్గరికి వచ్చి అడిగితే, 'మేము 2045కు ముందుగానే చెప్పి పెట్టుకున్నాములేమ్మా' అని ట్యాబ్‌లో ఆట చూపించి, మర్యాదగా చెప్పి పంపించినాను.

2045 కోసం ఎదురుచూసే,
నీ బావ జయరాముడు

తా.క. శ్రీరంగప్ప దవడ వాపు వల్ల మాట్లాడలేకపోతున్నాడు. టీ అంగడి దగ్గర ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉంది.

*

బెంగళూరు,
ఆదివారం.

బావా,

ఈసారి నమస్కారాలు లేవు. కోపంగా ఉన్నాను.

ఆ నర్సమ్మ వెళ్ళి ఎవరికి చెప్పిందో, వాళ్ళు ఎవరికి చెప్పారో, చివరికి మా మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. వైద్యం గురించి తెలియజెప్పే ఆట ఆడి ఒక వీధి వీధంతా వైద్యం మానేసిందట, దేశంలో ఇంతవరకు ఎవరూ ఇలాంటి ఫలితం సాధించలేదట. నా ఉద్యోగం సంగతి వదిలేయ్. శ్రీరంగప్పను వెంటనే పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపించు. పేరు నమోదైందన్నది ఆటలో మాట. ఎవరు గెలిచినా వాళ్ళ పేరే చదువుతుంది. నా గొంతుతో చదివింది కాబట్టి తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు దాన్ని మార్పించాం.

నువ్వు మాటలతో వినే మనిషివి కాదని నాకు తెలుసు. అందుకని ఆటలో నీ కోసమే ఒక కొత్త దశ చేశాను. పేరు 'పొర'. అందులో ఒక వీధి బొమ్మ వస్తుంది. మీ వీధి లాంటిదే, గుమ్మాల ముందు ముగ్గులు, అరుగు మీద మనుషులు, ఆరేసిన పట్టుపోగులు. శుక్లం ఉన్న కంటికి ఆ వీధి ఎలా కనబడుతుందో అలా మసకగా చేశాం. ఎంత మసక పెట్టాలో నేనే ఊహించలేదు. అక్క పంపిన నీ కంటి పరీక్ష కాగితాలు ఇక్కడి కంటి డాక్టరుకు చూపించి, నీ కంటికి ఎంత ఉంటుందో అంతే పెట్టించాను.

అది చూడు బావా. చూశాక ఇంకా ఇరవై ఏళ్ళు అలాగే బతుకుతానంటే నేనింక ఒక్క మాట రాయను. వీధిలో వాళ్ళకు కూడా చూపించు.

కేశవ

తా.క. రెండో దశలో కళ్ళు మూసుకుని గెలవడానికి వీల్లేకుండా మార్చమని మా మేనేజర్ చెప్పాడు. నిన్ను దృష్టిలో పెట్టుకునే చెప్పాడు.

*

ధర్మవరం,
గురువారం.

కేశవకు,

నీ కంపెనీ మునిగిపోయేటట్లుంది. నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది. ఎందుకో చెప్తాను.

'పొర' దశ తెరిచినాను. వీధి వచ్చింది. 'చూడండి, ఎంత మసకగా ఉందో, ముగ్గులు కూడా కనపడటం లేదు' అని నీ గొంతు ఏడుపు మొగంతో చెబుతాంది. నేను అటు చూసినాను, ఇటు చూసినాను. మసక యాడా లేదు. వీధి ఎప్పుడూ ఎట్లుంటుందో అట్లే ఉంది. మిగతా దశలు ఎట్లుండేవో ఇదీ అట్లే ఉంది. మసక పెట్టడం మరిచిపోయి పంపించినట్టున్నావు.

కుళ్ళాయప్పకు ఇచ్చినాను. వాడు ట్యాబ్‌ను పంచెతో తుడిచినాడు, తర్వాత తన కండ్లు తుడుచుకున్నాడు. శ్రీరంగప్ప వాచిన దవడతోనే 'ఏమప్పా ఇది, పొగ పట్టిపోయిందే' అన్నాడు. మీకు ఏం కనపడుతోందో నాకేం కనపడుతోందో అని గొడవ పెట్టుకున్నాము. ఇద్దరూ నా మొగం ఒక రకంగా చూసి లేచి ఇండ్లకు పోయినారు. మర్నాడు చూస్తే ఒకడు ఎముకల డాక్టర్ దగ్గరికి, ఒకడు పళ్ళ డాక్టర్ దగ్గరికి పోయినారు. ధైర్యం లేని మనుషులు. వాళ్ళను నమ్ముకుని 2045 దాకా పోవడం కష్టం.

వాళ్ళ మాట నిజమా నా మాట నిజమా తేలాలని మీ అక్కను పిలిచినాను. మీ అక్క కండ్ల సంగతి నీకు తెలుసు. ఒక వార్పు అయిపోతానే కొత్త వార్పు పోగులను పాత పోగులకు ఒకటొకటిగా అతికేది తనే. వెంట్రుక కంటే సన్నవి, వేలకు వేలు. ఆ కండ్లకు కనపడని మసక లోకంలో ఉండదు.

తను ట్యాబ్ తీసుకుని చానాసేపు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ట్యాబ్ చూసింది.

"నీకు ఇది శుభ్రంగా కనపడతాందా?" అని అడిగింది.

"అద్దం మాదిరి ఉండాది" అన్నాను.

"అవునప్పా, నాకూ శుభ్రంగానే ఉండాది. ఇందులో మసక యాడుండాది" అన్నది.

ఇప్పుడేమంటావు? సాక్ష్యం మీ ఇంటి ఆడబిడ్డే చెప్పింది. కాబట్టి ఓడిపోయినానని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాయి, దాన్ని ఫ్రేము కట్టించి మగ్గం పైన పెట్టుకుంటాను.

గెలిచిన నీ బావ,
జయరాముడు

తా.క. ఆ తర్వాత మీ అక్క వంటింట్లోకి పోయి చానాసేపు బయటికి రాలేదు. ఏమంటే ఉల్లిగడ్డలు తరుగుతున్నానంది. ఆ పూట చేసిన చారులో ఉల్లిగడ్డ లేదు.

*

బెంగళూరు,
శనివారం.
స్పీడ్ పోస్టు

బావా,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. నిలబడే రాస్తున్నాను.

ఆ బొమ్మలో మసక ఉంది. మా ఆఫీసులో అందరం చూశాం. మూడిళ్ళ అవతల ఉన్న మనిషి మగో ఆడో తెలియనంత మసక. అది శుభ్రంగా కనబడిందంటే చూసినవాళ్ళ కంట్లోనే అంత మసక ఉందని అర్థం. నీ కన్ను సంగతి మాకు ముందే తెలుసు. కానీ అక్కకు కూడా శుభ్రంగానే కనబడిందంటున్నావు. అంటే అక్కకు కూడా శుక్లం వచ్చింది, నీ అంత వచ్చింది. పాపం ఎవరికీ చెప్పకుండా చేతివాటంతో పోగులు అతుకుతూ నెట్టుకొస్తోంది.

బావా, నీ కన్నును 2045కు పెట్టుకుంటావో 3045కు పెట్టుకుంటావో నీ ఇష్టం. నిన్నింక ఏమీ అడగను. అక్కను మాత్రం ఆపొద్దు. ఆ మగ్గం మీద చీర ఎంత నేసి ఉన్నా సరే, వదిలిపెట్టి అక్కను అనంతపురం తీసుకుపో.

కేశవ

తా.క. అక్కకు ఫోన్ చేశాను. "నా కండ్లకేం అయ్యింది, నువ్వు అన్నం తిన్నావా?" అని పెట్టేసింది. మా అమ్మ కూడా ఏదైనా దాచాలనుకుంటే అన్నం సంగతే అడిగేది.

*

ధర్మవరం,
మంగళవారం.

ప్రియమైన కేశవకు నీ బావ జయరాముడు రాయడమేమంటే,

ఈ ఉత్తరంలో అక్షరాలు చిన్నగా ఉన్నాయి. చూసుకున్నావా?

నీ ఉత్తరం అందేసరికే నాకు అనుమానం మొదలైంది. అంతకు ముందు రెండు రోజులుగా మీ అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. కాఫీలో ఉప్పు వేసింది. ఒక పట్టుపోగు చేతికిచ్చి ఇది ఏ రంగని అడిగింది. నేను ఆకుపచ్చ అన్నాను, తను నీలం అన్నది. ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పే దిక్కు లేక ఆ పోగును అట్లే పక్కన పెట్టినాము. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. చీర సగంలో ఉంది. మా నాయన పోయిన నాడు తప్ప సగం చీర మీద మగ్గం దిగింది లేదు. దిగినాను. చొక్కా వేసుకుంటూనే బస్సెక్కినాము. దారంతా తన చేయి వదల్లేదు, రాప్తాడు దాటినాక గానీ నాకు గుర్తు రాలేదు, పెండ్లయినప్పట్నుంచి నేను నలుగురిలో తన చేయి పట్టుకున్నది లేదు.

ఆసుపత్రిలో నేను చేసిన గొడవ నీకు రాయను. వరసలో ముందుకు తోసుకుపోయి, "2045 చుక్కలు మీ దగ్గర ఇప్పుడే ఏమన్నా ఉంటే ఈమెకు వేయండమ్మా, లేకపోతే కత్తితోనే చేయండి, ఆలస్యం మాత్రం చేయొద్దండి" అని డాక్టరమ్మ కాళ్ళకు అడ్డం పడినాను. ఆమె మీ అక్కను కుర్చీలో కూర్చోబెట్టి గోడకున్న అట్ట మీది అక్షరాలు చదవమంది.

మీ అక్క చదివింది. పెద్దవి చదివింది, చిన్నవి చదివింది, అన్నిటికంటే కింద చీమల మాదిరి ఉన్న వరస చదివింది. అంతటితో ఆగకుండా ఆ అట్ట అంచున ఉన్న ప్రెస్సు పేరు, ఊరు కూడా చదివింది. డాక్టరమ్మ లేచి పోయి దగ్గర్నుంచి చూసి, నిజమేనని వచ్చి, "ఈమె కండ్లకు ఏమీ కాలేదు. మీరు కూర్చోండి" అని నాతో అన్నది.

నేను మీ అక్క వైపు తిరిగినాను.

"నీ కన్ను కోసమైతే నువ్వు రావు" అన్నది తను. "నా కన్ను కోసమైతే పరిగెత్తుకుంటా వస్తావని నాకు తెల్సు. ఆ ట్యాబులో చూసినాకే నీకు లోకం ఎట్లా కనపడతాందో తెల్సింది. నా మొగం కూడా నీకు అట్లే కనపడతాంటుంది గదా. ఇంక ఆగడం నా చేత కాలేదప్పా."

వరసలో ఉన్న వాళ్ళంతా వింటున్నారు. నేను పోయి కుర్చీలో కూర్చున్నాను, మర్నాడే ఆపరేషన్ అన్నారు.

నాకు భయమే కేశవా. నువ్వు నా కంటే చిన్నవాడివి కాబట్టి నీకు చెప్పలేదు. కంటి దగ్గరికి కత్తి వస్తుందంటే నాకు చెమటలు పోస్తాయి, ఆ పొద్దు కూడా పోసినాయి. కానీ ఒకటి చెప్తాను. ఆపరేషన్ బల్ల మీద పండుకున్నాక ఏం జరుగుతోందో నాకంతా తెలుసు. "ఇప్పుడు పాత లెన్సు తీస్తున్నారా అమ్మా?" అని అడిగినాను. తర్వాత "కొత్తది మడిచి లోపలికి పంపించి విప్పుతున్నారా?" అన్నాను. మీకెట్లా తెలుసని డాక్టరమ్మ అడిగింది. రెండో దశ అని చెప్పినాను. తెలిసినది జరుగుతుంటే భయం సగం తగ్గుతుంది. ఇది మీ మేనేజర్‌కు చెప్పు, వాడికి కొంచెం ఊరట కలుగుతుంది.

కట్టు విప్పినాక ఇంటికి వచ్చి ట్యాబ్‌లో 'పొర' తెరిచినాను. తెర నిండా పాలు పోసినట్టుంది. ముగ్గులు లేవు, మనుషులు లేరు, పట్టుపోగులు ఏ రంగో తెలియదు. ఇన్నాళ్ళూ దీన్నే శుభ్రమనుకుని బతికినాను. అందరితో వాదించి గెలిచినాను కూడా. చానా సిగ్గయ్యింది. మీ అక్క పక్కన కూర్చుని ట్యాబ్ తీసుకుని ఆర్పేసింది.

ఈ పథకం నీకు ముందే ఎందుకు చెప్పలేదని మీ అక్కను అడిగినాను. నీ నోట్లో ఏ మాటా ఆగదంట. ఆసుపత్రిలో నా చెవికి ఫోన్ పెట్టి నీతో మాట్లాడించినారు కదా, నువ్వు ఏడ్చినావు, నేనూ ఏదో అన్నాను. కంటికి కట్టు ఉన్నప్పుడు మాట్లాడినవి లెక్కలోకి రావు. అయినా ఈ ఒట్టును ఇంతటితో చాలిద్దామనుకుంటున్నాను, కవర్లు అయిపోయినాయి.

నీ మేలు కోరే బావ,
జయరాముడు

తా.క. ఎడమ కంట్లో కూడా కొంచెం మొదలైందని, నెల ఆగి రమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒక్క కన్నునన్నా 2045కు ఉంచుకుంటానని ఇంట్లో ఖచ్చితంగా చెప్పేసినాను. మీ అక్క సరే అన్నది. ఈ పొద్దు తెల్లవారినప్పట్నుంచి తన ఎడమ కన్ను మసకగా ఉందంటోంది. అది అబద్ధమని నాకు తెలుసు. అయినా అనంతపురం బస్సు ఎన్ని గంటలకో కనుక్కొని వచ్చినాను.